కొమురమ్మ పేరు మీద ఆపరేషన్

మామూలు కణాలకు బుద్ధి ఉంటుంది. వాటిని పెంచే గాజు గిన్నె అడుగు నిండగానే పెరగడం ఆపేస్తాయి. ఆ సోమవారం మైక్రోస్కోపు కింద నాకు కనిపించినవి ఆపలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

జూబ్లీ హిల్స్‌లోని మా ల్యాబ్‌లో పని ఇదే. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట అండాశయంలో పెరిగి గడ్డకడితే ఎండోమెట్రియోసిస్ అంటారు. ఆ గడ్డ ఎక్కడో కొందరిలో మాత్రం క్యాన్సర్‌గా ఎందుకు మారుతుందో మేం వెతుకుతున్నాం. నేను చూసిన కణాలు బంజారా హిల్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసిన ఓ గడ్డ ముక్కవి. మామూలు గడ్డేనని రిపోర్టు. నాకు మనసొప్పలేదు. అక్కడ దాచిన మిగతా గడ్డను మళ్లీ పరీక్షించమని, ఆపరేషన్ చేసిన డాక్టర్ శకుంతల గారి వెంటపడ్డాను. చేయించారు. ఓ మూల క్యాన్సర్ ఉంది.

ముక్క ఎవరిదో ల్యాబ్ వాళ్లకు చెప్పరు. ఆసుపత్రి వాళ్లే రికార్డులో ఉన్న అడ్రసుకు కబురు పెట్టి రోగిని పిలిపించారు. వివరం చెప్పడానికి డాక్టర్ గారు నన్నూ కూర్చోబెట్టారు. ఎర్రగడ్డ నుంచి కొమురమ్మ వచ్చింది. వెనకాలే ఆమె భర్త, డ్రైవర్ వెంకటనర్సయ్య. ఆమెను చూడగానే డాక్టర్ గారి మొహం మారిపోయింది.

"నేను ఆపరేషన్ చేసింది ఈవిడకు కాదు. ఆ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు."

"ఆపరేషనేంది మేడం?" కొమురమ్మ చీర చెంగు పక్కకు జరిపింది. "సూడుండ్రి, నా పొట్ట మీద గీత గిట్ల ఉందా?"

వెంకటనర్సయ్య తేలు కుట్టిన దొంగలా గోడకు అంటుకుపోయాడు. గద్దిస్తే నోరు విప్పాడు.

"సిన్మోళ్ల ఇండ్లల్ల గిట్లనే మేడం. పేపరోళ్లకు తెల్వద్దని దవఖానల మా పేర్లు చెప్తరు. అమ్మగారు అడిగింది, దీని ఆధార్ ఇచ్చిన."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరయ్యా ఆ పిల్ల? ఆమెకు క్యాన్సర్!"

"మాటిచ్చిన. చెప్తే కొలువు పోతది."

"చెప్పకుంటే పానం పోతది!" కొమురమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నా పేరు మీద పోతది. నడువు."

ఫిల్మ్ నగర్‌లో, వెంకటనర్సయ్య కారు నడిపే నిర్మాత అచ్యుతరామయ్య ఇల్లు. డాక్టర్ గారు దారిలో ఆ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేస్తే, రెండుసార్లూ రాంగ్ నంబరని పెట్టేశారు. ల్యాబ్ మనిషి రోగి గడప తొక్కకూడదు, నిజమే. కానీ ఆ గిన్నె కళ్లముందు నుంచి పోతేగా!

వాకిట్లో కొత్త కార్లు. నిర్మాత భార్య శేషారత్నం గారు పట్టుచీరలో గబగబా వచ్చి తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డారు.

"మా ఇంట్లో ఎవరికీ ఆపరేషన్ కాలేదండీ. పొరబడ్డారు."

"అమ్మాయితో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి," అన్నారు డాక్టర్ గారు.

"మెల్లగా మాట్లాడండి! లోపల పెళ్లివారున్నారు. ఆడపిల్ల కడుపు కోశారని తెలిస్తే సంబంధం నిలుస్తుందా? తర్వాత చూసుకుంటాం."

తర్వాతట! పరువు ముందు ప్రాణం వరసలో నిలబడాలన్నమాట. నేను అరవబోయాను. కొమురమ్మ నాకంటే ముందు చేతులు జోడించింది.

"అమ్మా, నా పేరు అడిగితే మా ఆయన ఇచ్చిండు. గీ బీమారి నేనెట్ల తీస్కోను? బిడ్డను పిలువు తల్లీ."

శేషారత్నం గారు తలుపు వేయబోయారు. లోపలి నుంచి ఓ చేయి ఆ తలుపును పట్టుకుంది.

పట్టుచీరలో ఓ అమ్మాయి, తలనిండా పూలు. నడుస్తుంటే ఇంకా పొత్తికడుపు మీద చేయి ఆనించుకుంటోంది. వెనక హాల్లో పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడింది.

"లోపలికెళ్లు గీతికా," అన్నారు తల్లి.

"పదమూడో ఏటి నుంచీ అందరి ఆడాళ్లకీ ఉండే నొప్పే అన్నావమ్మా. నమ్మాను." ఆమె గొంతు తగ్గించలేదు. "ఆపరేషన్ నాకేనండీ. ఏమైందో చెప్పండి."

డాక్టర్ గారు హాలు వైపు చూసి సందేహించారు.

"వాళ్లు విన్నా ఫర్వాలేదండీ."

డాక్టర్ గారు చెప్పారు. ఆ మాట పలకగానే హాల్లో ఎవరి చేతిలోనో కప్పు సాసరుకు తగిలింది. పెళ్లివారు ఒక్కొక్కరే మా పక్కనుంచి దిగి కార్లెక్కారు. ఎవరూ ఆమె వంక చూడలేదు.

ఆమె వాళ్ల వంక చూడలేదు. మెట్టు మీద కూర్చుంది.

"బతుకుతానా అండీ?"

"తొందరగా పట్టుకున్నాం తల్లీ. ఇప్పుడు వస్తే బతుకుతావు."

గీతిక తలలోంచి పూలు తీసి తల్లి చేతిలో పెట్టింది. ఆవిడ అప్పటికే ఏడుస్తున్నారు.

"చెప్పులు తేమ్మా," అంది. "నువ్వూ రా."