తుకారాం నీళ్ల పరీక్ష

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వెనక సందులో తుకారాం టైలర్ షాపుకి ఒక నియమం ఉంది. కొత్త గుడ్డ ఏదొచ్చినా ముందు ఒక మూల కత్తిరించి నీళ్లలో నానేస్తాడు. రంగు దిగిందా, అది ఎంత పెద్ద షోరూం గుడ్డైనా దాని మీద కత్తెర పెట్టడు. ముప్పై ఏళ్లుగా ఆ పరీక్ష తప్పలేదు. అందుకని లోకంలో దేని సంగతైనా నీళ్లే తేలుస్తాయని అతని నమ్మకం. ఎవరి పిచ్చి వారికానందం.

భార్య చంద్రావతికి బీపీ. ఆర్నెల్లుగా పంజాగుట్ట ఆసుపత్రిలో చూపిస్తూ, తుకారాం పట్టుబట్టి పెద్ద కంపెనీ ఖరీదైన గోలీలే కొంటున్నా నూట అరవై నుంచి దిగడం లేదు. ఆమె తల్లికీ ఇలాగే ఉండి, ఒక పొద్దున కాలూ చెయ్యీ పడిపోయి మూడేళ్లు మంచాన ఉండి కన్నుమూసింది. తుకారాం కళ్లముందు ఎప్పుడూ ఆ మంచమే. ఈసారి డాక్టరు, ఇదే మందు జనరిక్ షాపులో సగం ధరకే దొరుకుతుంది, అక్కడ కొనండి అన్నాడు. చవక గోలీల్లో సుద్దపొడి కలుపుతారని పక్కషాపు నర్సింహులు ఫోనులో వీడియో చూపించాడు.

మెట్రో స్టేషన్ దగ్గర అరుణాదేవి నడిపే జనరిక్ షాపులో తుకారాం ఒక గోలీల పట్టీ కొన్నాడు గానీ, భార్యకు ఇవ్వలేదు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఖరీదైన గోలీ ఒకదాంట్లో, చవకది ఇంకోదాంట్లో వేశాడు. టీ తాగి వచ్చేసరికి చవకది పిండిపిండి అయిపోయింది. ఖరీదైనది దర్జాగా గుండ్రంగానే ఉంది. దొంగ దొరికాడనుకుని ఆ గ్లాసు పట్టుకుని, సగం అంగీ మీద ఒలకబోసుకుంటూ మందుల షాపుకి పోయాడు.

అరుణాదేవి గ్లాసులోకి చూసి నవ్వింది.

"అన్నా, గుడ్డ నీళ్లకు ఆగాలె. గోలీ కరగాలె. కరగకుంటే కడుపుల కూసోని ఏం చేస్తది? పైపూత మందంగుంటే జర లేటైతది, గంతే."

తనను నమ్మమని ఆమె అనలేదు. అంగీకి ట్రయల్ చూస్తావు కదా, దీనికీ చూడు, నెలరోజులు నా షాపులోనే బీపీ కొలుస్తానంది. కొలత అనేసరికి తుకారాం మెత్తబడ్డాడు. కొలతను కాదనే దర్జీ ఎక్కడుంటాడు?

చంద్రావతి చవక గోలీ మొదలుపెట్టింది. రోజూ పొద్దున ఇద్దరూ కొలతకు వెళ్లేవారు. తుకారాం కొలతల పుస్తకంలో, గిరాకీల ఛాతీలు నడుముల మధ్య, చంద్రావతికొక పేజీ పెట్టాడు. నూట అరవై. నూట నలభై ఎనిమిది. నెల తిరిగేసరికి నూట ఇరవై ఎనిమిది. డాక్టరు ఇదే వాడమన్నాడు. తుకారాం సంతోషం పట్టలేక సందులో అందరికీ ఆ పేజీ చూపించాడు, నర్సింహులుకైతే రెండుసార్లు.

కానీ ఒక అనుమానం మిగిలింది. రెండూ ఒకే మందైతే, ఖరీదైనది ఎందుకు పనిచెయ్యలేదు? మధ్యాహ్నం షాపులో హుక్కులు కుడుతున్న చంద్రావతిని అడిగాడు. ఆమె సూది మీంచి తల ఎత్తలేదు.

"గవి రోజిడిచి రోజు ఏసుకున్న," అంది. "నువ్వేమో ఖరీదుదే కావాలంటివి. మిషన్ తొక్కి తొక్కి నీ మోకాళ్లు వాచిపాయె. జర ఎక్కువ రోజులొస్తయని..."

తుకారాం మిషన్ ఆపాడు. ఆర్నెల్లు డాక్టర్లను తిట్టాడు, కంపెనీలను తిట్టాడు. చివరికి ఆమె నోటికాడి మందు సగం లాక్కున్నది తన పట్టుదలే.

"నాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే ఇంకో పది అంగీలు ఒప్పుకుంటుంటివి."

నిజమే, ఒప్పుకునేవాడు. కళ్లలో నీళ్లు తిరిగితే మెడలో టేపుతోనే తుడుచుకున్నాడు. లేచి, గూట్లో ఉన్న మందుల పట్టీ తీసి, ఏ తారీఖున కొన్నారో పుస్తకంలో చూసి, మిగిలిన గోలీలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. చంద్రావతి చూసీ చూడనట్టు నవ్వుకుంటూ హుక్కు కుట్టింది.

ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి.