మెట్లు దిగిన కేకు

ఇస్త్రీపెట్టె మూత ఎత్తి, బొగ్గుల మీది బూడిద ఊది, ఆమె మళ్లీ గౌను మీదికి వంగింది. గులాబీ రంగు గౌను, అంచు చుట్టూ కుచ్చిళ్లు. ఒక్కో కుచ్చునీ వేలితో సర్ది పెట్టె మొనతో నొక్కుతూ పోవాలి. పొద్దున్నుంచీ నిలబడే ఉండటంతో నడుం పీకుతోంది.

ఆ గౌను ఎవరిదో ఆమెకు తెలుసు. చిట్టిది. కుట్టింది చిట్టి తల్లి టైలరమ్మ. ఇద్దరిదీ ఒకే కొట్టు. మధ్యలో పరదా, అటు కుట్టుమిషను, ఇటు ఇస్త్రీబల్ల. అటు తుమ్మితే ఇటు వినబడుతుంది. అందుకే టైలరమ్మ ఈ గౌనును కొట్లో కాకుండా పైన ఇంట్లో కూర్చుని ఆమె కంట పడకుండా కుట్టుకుంది. పాపం, అంత జాగ్రత్తపడ్డ మనిషికి ఒక మొగుడున్నాడు కదా! ఆ మహానుభావుడు దుప్పట్లతో పాటు గౌనునూ మూటగట్టి తెచ్చి బల్ల మీద పడేశాడు. సాయంత్రానికి కావాలని కూడా చెప్పి పోయాడు.

అంటే ఈ సాయంత్రమే చిట్టి పుట్టినరోజు. తమను పిలవలేదు. ఆమెకు కోపం రాలేదు, కోపం తెచ్చుకోవడానికీ ఓపిక ఉండాలి. తన భర్త ఊపిరితిత్తులు చెడి మంచం పట్టినప్పటినుంచీ ఎవరూ దేనికీ పిలవడం లేదు. ఇంట్లో అంత బాధ పెట్టుకుని ఏం వస్తారులే అనుకుంటారు. ఆమె కనబడితే నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేస్తారు. మొదట్లో అదంతా మర్యాదే అనుకుంది. రాను రాను ఇల్లు బావురుమంటుంటే, ఆ మర్యాద మోయడం బొగ్గుల పెట్టె మోయడం కన్నా కష్టంగా ఉంది.

మధ్యాహ్నం కొట్టు వెనక గదిలోకి వెళ్లి ఆయన్ని దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. ఒకప్పుడు లారీ తోలిన మనిషి. చిట్టి పుట్టినరోజు బుడగలన్నీ ఏటా ఒక్కడే ఊదేవాడు. ఇప్పుడు జావ తాగడానికి కూడా మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవాలి.

"చిట్టి పుట్టినరోజు ఈ రోజుల్లోనే కదే?"

"ఏమోనయ్యా. తాగు ముందు."

"పిలవలేదా?" ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. "నేనింకా పోలేదని చెప్పవే వాళ్లకి."

నవ్వుతూనే అన్నాడు. డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్లమన్న మనిషి. వచ్చే ఏడాది పుట్టినరోజు ఆయనకు లేదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

కొట్లోకి వచ్చి, గౌనును హ్యాంగరుకు తగిలించి, పరదా తొలగించింది.

"ఇదిగో. నలగకుండా పట్టుకెళ్లు."

టైలరమ్మ కాలు మిషను మీదే ఆగిపోయింది.

"అక్కా... బావ అలా ఉంటే మేం కేకు కోసుకుంటూ, ఏ మొహం పెట్టుకుని పిలవనక్కా?"

"పిలవకపోతే మీ బావకి నేనేం మొహం పెట్టుకుని చెప్పను? పొద్దస్తమానం ఆ గోడకేసే చూస్తున్నాడే. కష్టం మాకు రోజూ ఉండేదే. చిట్టి పుట్టినరోజు రోజూ వస్తుందా?"

టైలరమ్మ చేతికందిన గుడ్డముక్కతో కళ్లొత్తుకుంది. "పైకి మెట్లెక్కలేడుగా అక్కా."

అంతలోనే ముక్కు ఎగబీల్చి, మళ్లీ తనే అంది. "ఆయన ఎక్కలేకపోతే ఏం, కేకు దిగలేదా?"

ఆ పూట ఆమె ఊరివాళ్ల బట్టలు పక్కకు నెట్టి ఆయన నీలం చొక్కా బయటికి తీసింది. మంచం పట్టాక ఆయన బనీను తప్ప వేసుకుంది లేదు. నీళ్లు చిలకరించి, కాలరు రెండువైపులా తిప్పి, ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసింది.

"మన ఇంటికీ ఇస్త్రీ వచ్చిందే!" అన్నాడాయన, చేతులు దూరుస్తూ. చొక్కా ఆయన భుజాల మీంచి జారిపోతోంది.

సాయంత్రం పరదా తీసేశారు. కత్తిరింపుల బల్లనూ ఇస్త్రీబల్లనూ కలిపి, ఉతికిన దుప్పటి పరిచి, మీద కేకు పెట్టారు. ఆయన్ని గోడవార కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలు బుడగలు ఊది తెచ్చిస్తుంటే ఆయన మూతులు ముడివేస్తున్నాడు. మధ్యలో దగ్గు తెర వచ్చింది. కొట్టంతా ఒక్కసారి మూగబోయింది. ఆమె మంచినీళ్ల కోసం లేచింది.

"బావా, దగ్గు వంక పెట్టి పని ఎగ్గొడితే కుదరదు! ముడి వెయ్యి!" అని అరిచింది టైలరమ్మ. ఆయన పగలబడి నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు. ఆమె ఎదుట జనం నవ్వి ఎన్నాళ్లయిందో.

చిట్టి ఎగిరి ఆయన ఒళ్లో పడింది. "పెదనాన్నా, ఆ!" అని నోట్లో కేకు కుక్కి, క్రీము చేతులు చొక్కా జేబుకు శుభ్రంగా తుడుచుకుంది.

"అయ్యో, ఇప్పుడే ఇస్త్రీ చేశానే!"

"ఉండనీవే," అన్నాడాయన. "నువ్వుండగా చొక్కాకేం భయం?"

గదిలో పడుకోబెట్టాక, చొక్కా విప్పి మేకుకు తగిలించింది. రేపు ఉతకవచ్చనుకుంది. బాగా అలిసిపోయాడు, కానీ ముఖం తేటగా ఉంది. కళ్లు మూసుకునే "మన చిట్టి పొడుగైందే" అన్నాడు.

తెల్లవారి పెట్టెలో బొగ్గులు రాజేసి, టీ తీసుకుని లోపలికి వెళ్లింది. ఆయన పలకలేదు. చెయ్యి పట్టుకుని చూసింది. టీ గ్లాసు కింద పెట్టి, పక్కనే కూర్చుంది. టీ చల్లారిపోయాక లేచి టైలరమ్మను పిలిచింది.

కొన్నాళ్లకు కొట్టు మళ్లీ తెరిచింది. మూటలు వస్తున్నాయి, పోతున్నాయి. నడుం అలాగే పీకుతోంది. వీధిలో ఎవరింట్లో ఏ వేడుక జరిగినా పరదా అవతలినుంచి "అక్కా, నువ్వూ వస్తున్నావు" అని ముందే కేక వినబడుతోంది. ఆమె వెళ్లి కాసేపు కూర్చుని వస్తోంది. ఊళ్లోవాళ్ల చొక్కాలన్నీ ఆ బల్ల మీద ముడతలు పోగొట్టుకుని వెళ్తున్నాయి. వెనక గదిలో మేకుకు మాత్రం ఆ నీలం చొక్కా వేలాడుతోంది, మోచేతుల దగ్గర నలిగి, జేబు మీద అయిదు చిన్న వేళ్ల క్రీము మరక ఎండిపోయి.