ఎదురు రెక్కలు

గ్వాల్తియేరో బెర్నార్డి తనను పదిమందిలో నవ్వులపాలు చేసి ఇరవై రెండేళ్లయింది. అయినా విమానం ముక్కుకు అంటుకుని చచ్చిన పురుగుల్ని గీకేటప్పుడల్లా ఎర్మెస్‌కు ఆ మాటే గుర్తొచ్చేది. ఆ ఆదివారం పొద్దున కూడా నిచ్చెన మీద నిలబడి, తడిగుడ్డతో విమానం ముక్కు తుడుస్తూ పళ్లు నూరాడు.

"దాని అడుగు కడిగేవాడివి, మొహం సంగతి నీకేం తెలుసురా?"

ఆ రోజు కాఫీ బార్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు. కాఫీ పోసే కుర్రవాడితో సహా.

ఎర్మెస్‌కు అరవై మూడేళ్లు. పొట్టి మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా ఈ చిన్న విమానాశ్రయంలో విమానాలు కడుగుతున్నాడు. సబ్బునీళ్లకు వేళ్ల కణుపులు పగిలి, మానిన చోటే మళ్లీ పగిలేవి. చెయ్యెత్తి తోమీ తోమీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. ఈమధ్య ఆ భుజం నుంచి ఛాతీలోకి ఏదో లాగుతున్నట్టుంటే, అదీ తోముడు నొప్పేనని ఊరుకున్నాడు.

ఈ రోజు ఎదురుగా ఉన్నది మామూలు జెట్టు కాదు. ఎనిమిది మంది పట్టే చిన్న విమానం. అన్నిటి రెక్కలూ వెనక్కి వాలి ఉంటే, దీనివి ముందుకు వంగి ఉంటాయి. ఇక్కడి విమాన ప్రదర్శనకు వచ్చిన నలభై విమానాల్లో దీనికి జోడీ లేదు. వెనక్కి ఈదే జీవిలా ఉందని దీన్ని ఇక్కడివాళ్లు రొయ్య అనేవారు. దూరాన పోతుంటే వస్తున్నట్టు కనిపించడం దీని చమత్కారం.

ఒకప్పుడు ఇది టైల్స్ ఫ్యాక్టరీ యజమాని సెరాఫినీది. తోక మీద రోమన్ లిపిలో ఇటలీ గుర్తుగా ఒక ఐ అక్షరం, దాని పక్కన మరో నాలుగు. కలిపి చదివితే ఆయన భార్య పేరు వచ్చేది: ఇరిదె. ఎర్మెస్ పన్నెండేళ్లు ప్రతి శనివారం ఇరిదెను కడిగాడు. ఫోటో మాత్రం ఒక్కటీ తీసుకోలేదు. డబ్బున్నవాళ్లను ఎత్తుకుపోయే రోజులవి. విమానం దగ్గర కెమెరా కనిపిస్తే పని పోతుందని సెరాఫినీ అందరికీ చెప్పేశాడు.

ఆయన పోయాక దాన్ని పరాయి దేశానికి అమ్మేశారు. వెళ్లిపోతున్న ఇరిదెను కంచె బయటి నుంచి ఫోటో తీసినవాడు గ్వాల్తియేరో. ఫోటోగ్రాఫర్ల క్లబ్బు ప్రెసిడెంటు. క్లబ్బు కాలెండరు మీద అచ్చువేసి, కింద 'ఇరిదె వస్తోంది' అని రాయించాడు. "వస్తోంది కాదు, పోతోంది" అన్నాడు ఎర్మెస్. దానికి గ్వాల్తియేరో ఇచ్చిన జవాబుకే బార్‌లో అంత నవ్వు.

జర్మనీలో కొందరు ఔత్సాహికులు దాన్ని కొని బాగుచేశారు. కొత్త రంగు, కొత్త అక్షరాలు. తోక తుడుస్తుంటే కొత్త రంగు కింద పాత అక్షరాల అంచులు ఎర్మెస్ వేళ్లకు తగిలాయి. ఐదూ తడిమి చూసుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి అది ఎగిరితే మ్యూజియంలోనే దిగడం. అక్కడ ఇంజన్లు తీసేస్తారు. ఫోటో తీసుకుంటే ఈ రోజే. అందుకే పాత కెమెరాలో ఫిల్ము వేసుకుని వచ్చాడు.

మధ్యాహ్నం కంచె దగ్గరికి వెళ్లాడు. ఎండ వీపున పడేవైపు క్లబ్బువాళ్లు చెక్కలతో వేదిక కట్టుకున్నారు. గ్వాల్తియేరో మీసం దువ్వుకుంటూ లెన్సు తుడుచుకుంటున్నాడు.

"నాలుగింటికి ఐదు నిమిషాలు ఆ మూల నిలబడతాను," అన్నాడు ఎర్మెస్.

"సభ్యులకే చోటు లేదురా. అయినా నువ్వు చక్రాల దగ్గర ఉండాలిగా?"

"దిమ్మలు తీసేసి పరిగెత్తుకొస్తా."

"ఈ వయసులో పరుగేమిటి! నా ఫోటో ఒక కాపీ ఇస్తాలే."

ఎర్మెస్ చెల్లెలు నీవెస్ పక్కనే దుకాణం పెట్టి, పందికొవ్వులో పిండిరొట్టెలు వేయిస్తోంది. "ఏం ప్రెసిడెంటు గారూ, మా అన్న అడిగింది జానెడు చోటు. మీసాలున్నాయని అంత బిగువా? రొయ్యకు లేవూ బారెడు?" అంది. వేదిక మీదివాళ్లు పకపకలాడారు. గ్వాల్తియేరో మాత్రం చోటివ్వలేదు.

"అన్నయ్యా, ఒక రొట్టె తినిపో."

"అది ఎగిరాక తింటా. వస్తానే."

నాలుగింటికి చక్రాల కింది దిమ్మలు లాగి, ఎర్మెస్ గడ్డి అంచున నిలబడిపోయాడు. పరిగెత్తుదామంటే ఊపిరి అందలేదు. అతనున్న వైపు ఎండ సూటిగా కళ్లలో కొడుతోంది. విమానం కదిలి వెళ్తుంటే నల్లటి నీడ తప్ప ఏమీ కనిపించలేదు. కెమెరా ఎత్తి, మళ్లీ దించేశాడు.

అది పైకి లేచి, పాప్లర్ చెట్లు దాటి ఒక పక్కకు ఒరిగింది. రెక్కలు విప్పుకుని కనిపించాయి.

"తిరిగింది! మన మీదికే వస్తోంది!" గ్వాల్తియేరో అరిచాడు. వేదిక మీద అందరూ తలలు వంచి, దగ్గరి ఫోటోకు పనికొచ్చే లెన్సులు బిగించుకోసాగారు.

ఎర్మెస్ తల వంచలేదు. ఎండ ఇప్పుడు దాని ఒంటి మీద పడుతోంది. "పోతోంది," అనుకుని మీట నొక్కాడు. ఇంకోసారి నొక్కేసరికి అది చుక్కయిపోయింది.

వేదిక మీదివాళ్లు తలలెత్తేసరికి ఆకాశం ఖాళీగా ఉంది. తర్వాత గ్వాల్తియేరో ఒక్కడే కంచె దాకా వచ్చాడు.

"తీశావా?"

"తీశా."

"కాలెండరు మీద కూడా అది పోతోందిరా. నువ్వన్న మర్నాడు నెగెటివ్ చూసుకున్నప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే మూడొందలు అచ్చయిపోయాయి."

"నీ మొహం," అన్నాడు ఎర్మెస్. నవ్వబోయి దగ్గాడు. బోర్లించిన చెక్కపెట్టె మీద, విమానాలుంచే హ్యాంగర్ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

జనం వెళ్లిపోయాక నీవెస్ కాగితంలో రొట్టె చుట్టుకొచ్చింది. "ఇప్పుడైనా తిను" అంది. మళ్లీ పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. అతని ముఖం పాప్లర్ చెట్ల వైపే ఉంది.

ఎర్మెస్ పోయిన పదిహేను రోజులకు గ్వాల్తియేరో ఆ ఫోటోను తనే కడిగించి, హ్యాంగర్‌లో తగిలించడానికి చట్రం కట్టించి తెచ్చాడు. ఆకాశం నిండా వెలుతురు, మధ్యలో బొటనవేలంత విమానం.

"కింద ఏం రాయించమంటావమ్మా?"

"అన్నయ్య ఏమన్నాడో అదే," అంది నీవెస్.

'ఇరిదె పోతోంది' అని గ్వాల్తియేరో తన చేత్తోనే రాశాడు. బయటికి వచ్చేసరికి ఎర్మెస్ సైకిలు ఇంకా గోడకే ఆనుకుని ఉంది, ఎవరూ తీయలేదు. తొక్కేటప్పుడు ప్యాంటు అంచు గొలుసులో పడకుండా పెట్టుకునే బట్టల క్లిప్పు, కర్రది, బ్రేకు తీగను కరుచుకుని గాలికి కొంచెం కొంచెంగా ఊగుతోంది.