శుక్రవారం జామీను

మా పొదుపు సంఘంలో అప్పు కావాలంటే ఇంకో సభ్యురాలు జామీను సంతకం పెట్టాలి. అధ్యక్షురాలు సీతామహాలక్ష్మి ఆ సంతకాలు శుక్రవారం పూట పెట్టించేది. కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, పేరంటానికి పిలిచినట్టే కాగితం చేతికిచ్చేది. బొట్టు పెట్టించుకున్నాక కాదనడం ఏ ఇంట్లోనూ లేదు. కాగితం చదవడం అంతకన్నా లేదు.

మా ఆయన పోయాక బొట్టు పెట్టడానికి ఎవరూ మా గడప తొక్కలేదు. కాబట్టి నన్ను జామీను అడిగినవాళ్లు లేరు. అప్పూ నేను తీసుకోలేదు. రెండు గేదెల్ని అమ్మగా వచ్చిన ఎనభై వేలు సంఘంలో వేసి, నెలనెలా వచ్చే వడ్డీతో బియ్యం, మందులు కొనుక్కునేదాన్ని. నాకున్నది అదే.

ఆ ఏడు దుగ్గిరాల యార్డులో పసుపు ధర బాగా పెరిగింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో వాళ్లంతా కౌలుకి చేలు పట్టి పసుపే వేశారు. డబ్బు ఆడవాళ్ల పేరున సంఘం ఇచ్చింది. పంట చేతికొచ్చేసరికి ధర సగమైంది. మళ్లీ పెరుగుతుందని అందరూ బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ధర పెరగలేదు, స్టోరేజీ అద్దె పెరిగింది. ముందు వాయిదాలు ఆగాయి. తర్వాత నా వడ్డీ ఆగింది.

బాపట్ల నుంచి విజయసారథి అనే ఆఫీసరు వచ్చాడు. సీతామహాలక్ష్మి అప్పుకి జామీను ఎవరని అడిగాడు. ఆదిలక్ష్మి. ఆదిలక్ష్మికి ఎవరు? తనూజ. తనూజకి? సీతామహాలక్ష్మి. ఆయన తెల్లకాగితం మీద పేర్లు రాసి, పేరుకీ పేరుకీ మధ్య గీతలు గీశాడు. నలభై పేర్లయ్యేసరికి కాగితం జంతికల చుట్టలా తయారైంది. ఏ గీతా తగలని పేరు ఒక్కటే మిగిలింది. అది నాది.

ప్రభుత్వం పన్నెండు లక్షలు ఇచ్చి సంఘాన్ని నిలబెడుతుందట. అప్పుగానీ జామీనుగానీ లేని సభ్యురాలు సంతకం పెడితేనే ఆ డబ్బు వస్తుందట. ఇకమీదట ఇచ్చే అప్పులకూ జామీనుతోపాటు ఆమె సంతకం ఉండాలట.

మర్నాడు శుక్రవారం. సీతామహాలక్ష్మి ఐదుగురిని వెంటేసుకుని మా ఇంటికొచ్చింది. అలవాటుకొద్దీ భరిణె కూడా తెచ్చింది. గడప దగ్గర గుర్తొచ్చి దాన్ని కొంగు చాటుకి తీసుకుంది.

“ఒక్క సంతకం వదినా,” అంది.

“చదివి పెడతాను.”

“నువ్వు చదివేసరికి స్టోరేజీలో పసుపుకి మొలకలొస్తాయి,” అంది తనూజ వెనకనుంచి.

రానివ్వమన్నాను. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, అవి తొందరపడవు. ఆరు పేజీలకి రెండు రోజులు పట్టింది. నాలుగో పేజీలో ఉంది: ప్రభుత్వ సొమ్ము అప్పుల బకాయిల కింద జమ, డిపాజిట్లు ఐదేళ్ల తర్వాత, అప్పటిదాకా సగం వడ్డీ.

పసుపు వేసినవాళ్లకి ఇప్పుడూ, వెయ్యనిదానికి ఐదేళ్లకా అని ఆఫీసరుని అడిగాను.

“సంఘం మునిగితే మీకు అసలే రాదమ్మా. నిలబడితే ఐదేళ్లకైనా వస్తుంది.”

సగం వడ్డీ బియ్యానికి సరిపోతుంది, మందుల సంగతేంటన్నాను. అది ఆ కాగితంలో లేదన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. నేనూ వెతికాను.

సంతకం పెట్టాను. పెట్టేముందు ఒక షరతు రాయించాను. ఇకనుంచి జామీను ఉండేవాళ్లు మా అరుగు మీద కూర్చుని కాగితం మొత్తం పైకి చదవాలి. అందులో ప్రభుత్వానికి ఖర్చేమీ లేదు కనక ఆఫీసరు ఒప్పుకున్నాడు.

నెల తిరగ్గానే సీతామహాలక్ష్మి కొత్త అప్పుకి వచ్చింది. పసుపు ధర కాస్త కదిలిందట. జామీనుకి ఆదిలక్ష్మిని తెచ్చింది, పదో తరగతి ప్యాసైన మనిషి. దారిలోనే బొట్టు పెట్టేసినట్టుంది. ఆదిలక్ష్మి గడగడా చదువుకుంటూ పోయి, ‘అప్పుదారు చెల్లించని పక్షంలో నా ఇల్లు, నా నగలు’ అన్న చోట ఆగింది.

“ఈ ముక్క ఎప్పుడు కలిపారు పిన్నీ?”

“మొదటినుంచీ ఉంది,” అంది సీతామహాలక్ష్మి.

“ఇదివరకు నేను ఎన్నిటికి పెట్టాను?”

“పదకొండు.”

ఆదిలక్ష్మి పెన్నుకి మూత పెట్టింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి, బొట్టుతోనే వెళ్లిపోయింది.

సీతామహాలక్ష్మి భరిణె ఒళ్లో పెట్టుకుని, ఇంకెవరైనా వస్తారేమోనని వీధివైపు చూస్తూ కూర్చుంది. నా ఎనభై వేలకి ఇంకా నాలుగేళ్ల పదకొండు నెలల గడువుంది. ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చి, నేనూ పక్కనే కూర్చున్నాను.