ఇంట్లోనే ఉంటే సుఖం కదా

వంటింటి వెనక బట్టలుతికే చోటు కడుగుతున్నాను. మట్టి గిన్నెలు కాల్చే కరెంటు బట్టీ పెట్టడానికి అదే సరైన చోటని మా ఆయన తేల్చేశారు. అత్తగారు గుమ్మంలో నిలబడి, "అడక్కుండానే కొనిపెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే?" అన్నారు. నిజమే, నేను అడగలేదు. ప్రతి ఆదివారం ఊరి చివర టీచరమ్మ షెడ్డుకి వెళ్లి మట్టి గిన్నెలు చేయడం నేర్చుకుంటున్నాను. అందరం చేసినవన్నీ కలిపి అక్కడి బట్టీలోనే కాలుస్తారు. నాకది చాలు. ఎవరో వాడిన బట్టీ అమ్ముతున్నారని ఫోనులో చూసి ఆయనే మాట్లాడేశారు. "ఇంట్లోనే ఉంటే సుఖం కదా. పొయ్యి మీద వంట, బట్టీలో గిన్నెలు. ఆదివారం పూట అంత దూరం పోయే బాధ తప్పుతుంది నీకు" అన్నారు. పైకి మాత్రం నవ్వాను, ఆ విద్య నాకు పెళ్లైన కొత్తలోనే వచ్చేసింది.

షెడ్డులో నేనేదో పొడిచేస్తున్నానని కాదు. నా గిన్నెలన్నీ ఓ పక్కకి ఒరిగే ఉంటాయి. కానీ అక్కడ చేతులు మోచేతిదాకా మట్టిలో ఉంటాయి, ఫోను మోగినా ఎత్తక్కర్లేదు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు కోసేది నేనే, కప్పులు కడిగేది నేనే. "మీరైతే నీటుగా చేస్తారు మేడమ్" అంటారు. ఇంట్లో స్నానానికి వెళ్లి తలుపేసుకున్నా, బీరువా ముందు నిలబడి నా తువ్వాలెక్కడ అని అరుస్తారు ఆయన. వారం మొత్తంలో నన్నెవరూ పిలవని పూట అదొక్కటే. అది పోతుందని ఎలా చెప్పను? మీరు లేని చోట నాకు ఊపిరాడుతుందని చెప్పనా? తాగరు, చెయ్యెత్తరు, అడక్కుండా కొనిపెడతారు. అలాంటి మనిషి మీద ఫిర్యాదు చేస్తే మా అమ్మే నన్ను తిడుతుంది.

శనివారం సాయంత్రం ఆ బట్టీ చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాం. మగవాళ్లిద్దరూ హాల్లో కూర్చుని వైరింగు గురించి మాట్లాడుకుంటుంటే, ఆ ఇంటావిడ నన్ను వెనక వరండాలోకి తీసుకెళ్లింది. బట్టీ మీద గంపెడు ఇస్త్రీ బట్టలున్నాయి. అవి పక్కన పెట్టి మూత ఎత్తింది. మా షెడ్డు బట్టీలో వేడినిచ్చే తీగచుట్టలు, కాయిల్స్, నల్లబడి, సాగిపోయి, గాడిలోంచి వేలాడుతుంటాయి. ఇందులోవి షాపులోంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి.

"ఎన్నిసార్లు కాల్చారు?" అని అడిగాను.

"ఒక్కసారి. అప్పుడూ మధ్యలోనే ఆపేశా, వేణ్ణీళ్లకి కరెంటు చాలట్లేదని ఇంట్లో అందరూ గోల చేశారు." మూత అంచు తుడుస్తూ అంది. "అంతకుముందు నేనూ క్లాసుకి వెళ్లేదాన్ని. ఇంట్లోనే ఉంటే సుఖం కదా అని మా ఆయన కొనిపెట్టారు."

"మీరు అడిగి కొనిపించుకుంటున్నారా?" అంది.

లేదని తల ఊపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతలో మగవాళ్లు వచ్చారు. "ఎలా ఉంది? తీసుకుందామా?" అన్నారు మా ఆయన. ఆవిడే మూత దించేసి, "ఇది పనిచెయ్యదండీ, కాయిల్స్ పోయాయి. తీసుకోకండి" అంది.

"అదేంటే, బాగానే ఉందిగా?" అన్నాడు వాళ్లాయన.

"వాడింది నేను. నాకు తెలీదా?" అంది ఆవిడ, మొగుడి వైపు చూడకుండా. మేము బయటికొస్తుంటే ఇస్త్రీ బట్టలు తీసి మళ్లీ బట్టీ మీద సర్దుకుంటోంది. వెళ్లొస్తానని కూడా చెప్పలేకపోయాను. మేము వెళ్లాక ఆవిడ ఎన్ని మాటలు పడిందో.

సిగ్నల్ దగ్గర మా ఆయన స్కూటర్ ఆపి ఫోను తీశారు. "ఎంత మోసం చేయబోయారో చూశావా? నువ్వేం దిగులుపడకు, మంచిది దొరికేదాకా నేను వదలను. ఇదిగో, ఇంకొకటుంది. రేపు పొద్దున్నే రమ్మంటున్నాడు."

రేపు ఆదివారం.

"రేపు నాకు కుదరదు" అన్నాను. పెళ్లయ్యాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. పచ్చ లైటు పడింది, వెనక హారన్లు మోగాయి.

"ఏంటీ?" అన్నారు ఆయన, బండి కదిలిస్తూ.

"ఏం లేదు" అన్నాను.