విమలకుమారి నుదుట నూనె

భిలాయి క్యాంప్ వన్‌లో చర్చి ఫాదర్ స్కూటర్ ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే లెక్క. స్కూటర్ స్టాండు వేసేలోపే పూలవాడికి కబురు, పెట్టె చేసే వడ్రంగికి కబురు. పోయింది ఎవరన్నది తర్వాత సంగతి. ఈ లెక్క గట్టిగా నమ్మేవాళ్లలో విమలకుమారి మొదటిది. అచ్చమ్మ మొగుడికి పొద్దుగూకే వేళ ఫాదర్ ప్రార్థన చెప్పి, రోగులకి పెట్టే దీవెన నూనె నుదుట పెట్టారు, తెల్లారేసరికి పోయాడు. కనకలత మామగారైతే నుదుటి మీద నూనె ఆరకముందే పోయాడు. విమలకుమారేం భక్తి లేని మనిషి కాదు. ఆదివారం పూజ తప్పదు, ఇంట్లో జపమాల తప్పదు. ఆ నూనె మాత్రం తన గుమ్మం తొక్కకూడదు, అంతే.

తీరా ఆ నూనె కావాలని అడుగుతున్నది ఆవిడ మొగుడే.

బాలశౌరి కుర్రతనంలోనే గుంటూరు జిల్లా నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. జీతం ఇంటికి తెచ్చాడు, పొగ మాత్రం ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. తెల్లవారుజామున ఆయన దగ్గు విని పక్కింటి సింహాచలమ్మ లేచి టీ పెట్టుకునేది. ఇక మందులతో నయం కాదని డాక్టర్లు తేల్చేశారు. రాయ్‌పూర్ తీసుకెళ్లి గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెడితే కొన్నాళ్లు లాగించవచ్చన్నారు. బాలశౌరి వద్దన్నాడు. తన ఇంట్లో, తన మంచం మీద ఉంటానన్నాడు. ఫాదర్‌ని పిలిచి నూనె పెట్టించమని పెళ్లానికి చెప్పాడు.

విమలకుమారి సరేనంది. ఆదివారం గుడికి వెళ్లి, ఫాదర్‌కి చెప్పకుండా గుర్తుపెట్టుకుని మరీ మర్చిపోయి వచ్చింది. పై ఆదివారం కూడా అలాగే మర్చిపోయింది.

బాలశౌరికి విషయం అర్థమై, ఈసారి కిటికీలోంచి సింహాచలమ్మని పిలిచి చెప్పాడు. సింహాచలమ్మది శ్రీకాకుళం వైపు. గుడి వేరైనా విమలకుమారికి సొంత వదిన కంటే ఎక్కువ. ఒకటే లోపం, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా స్కూటర్ గుమ్మంలో ఉంది.

ఫాదర్ విన్సెంట్ వయసులో చిన్నవాడు, ఓపికలో పెద్దవాడు. విమలకుమారి గేటుకి అడ్డంగా నిలబడి, ఆయన పడుకున్నారంది. ఫాదర్ వెళ్లిపోయారు. మళ్లీ వస్తే స్నానం చేస్తున్నారంది. ఆ తర్వాత వచ్చినప్పుడు ఏం చెప్పాలో తోచక, పక్క ఊరు ఉతైలో చెల్లెల్ని చూసిరావడానికి వెళ్లారంది. మంచం దిగలేని మనిషి ఉతై ఎలా వెళ్తాడో ఆలోచించుకునే వ్యవధి ఆవిడకి దొరకలేదు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే లోపల దగ్గు మొదలైంది. అది ఎవరి దగ్గో క్యాంప్ వన్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు.

"ఉతైలో దగ్గితే ఇక్కడికి వినబడుతోందేమిటమ్మా?" అన్నారు ఫాదర్.

విమలకుమారి మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. అచ్చమ్మ మొగుడి సంగతి, కనకలత మామగారి సంగతి అంతా వెళ్లబోసుకుంది. మిషన్ వద్దంటున్నాడు, నూనె కావాలంటున్నాడు, ఇది ఆత్మహత్య కిందికి రాదా, రేపు సమాధుల తోటలో చోటిస్తారా అని కూడా అడిగింది. ఫాదర్ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. చావుని తప్పించలేని, మోయలేని వైద్యం వద్దనడం పాపం కాదన్నారు. చంపడం వేరు, వచ్చే చావుని రానివ్వడం వేరన్నారు. ఆఖరిదాకా తిండీ నీళ్లూ ఇచ్చి, నొప్పికి మందిచ్చి, పక్కన మనిషి ఉండాలి. వదిలేసి పోవడమే పాపమన్నారు. నూనె సంగతంటారా, అది రోగులకి ధైర్యం కోసం, దేవుడి దయ ఉంటే నయం కోసం కూడా.

"మీరు నన్ను పిలిచేదే ఎగశ్వాస మొదలయ్యాక. అప్పుడు నేనొచ్చినా పోతారు, రాకపోయినా పోతారు. నింద మాత్రం నూనెకి."

చావు ముంగిట్లో ఉన్నవాళ్లకే కాదు, పెద్దతనంతో సత్తువ ఉడిగినవాళ్లకీ పెడతాం, ఒక్కసారే అన్న నియమం కూడా లేదు అని చెప్పారు. ఆ మాట దగ్గర విమలకుమారి ఏడుపు ఆగిపోయింది. తనకి షుగరుంది, బీపీ ఉంది. నిరుడు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పడుకుని, బతికి బయటపడింది.

"అయితే ముందు నాకు పెట్టండి ఫాదర్. రేపటికి నేను బతికుంటే ఆయనకి పెడుదురుగాని."

ఇది పరీక్షలు పెట్టే వ్యవహారం కాదని చెప్పబోయి ఆయన ఆవిడ మొహం చూసి ఆగారు. వయసు నిజం, రోగం నిజం. భయం అన్నిటికంటే నిజం. ప్రార్థన చెప్పి ఆవిడ నుదుటి మీదా అరచేతుల్లోనూ నూనెతో సిలువ గుర్తు వేశారు. గోడ మీంచి సింహాచలమ్మ అంతా చూసింది.

ఇంకేముంది, సాయంత్రానికి గల్లీ గల్లీ కదిలొచ్చింది. అచ్చమ్మ తెల్లపూలు తెచ్చింది. కనకలత జపమాల పట్టుకుని ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చింది. వడ్రంగి సుబ్రహ్మణ్యం గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసి పొడుగు అంచనా వేస్తున్నాడు. తీరా చూస్తే పోవలసిన మనిషి వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. రేపు ఉంటానో లేదో, మొగుడికి ఇష్టమైనది ఓసారి చేసిపెడదామని ఆవిడ ఉద్దేశం. ఎలాగూ వచ్చారు కదాని అందరికీ తలో రెండు పెట్టింది. సింహాచలమ్మ మాత్రం ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఏడుపు వృథా చెయ్యడం ఇష్టంలేక, కాసేపు ఏడ్చాకే తింది.

జనం వెళ్లాక బాలశౌరి పెళ్లాన్ని దగ్గరికి పిలిచాడు. అప్పటికే నవ్వి నవ్వి ఆయాసపడుతున్నాడు.

"నూనంటేనే హడలు కదే నీకు. నువ్వెందుకు పెట్టించుకున్నావు?"

ఆవిడ ఆయన వీపు నిమిరింది.

"మనిషిని తీసుకుపోయేదే అయితే, ముందు నన్ను తీసుకుపోతుందని. మీరు లేని ఇంట్లో నాకేటి పని?"

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అంత మాట అనడం అదే మొదలు. బాలశౌరి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు విమలకుమారి నిక్షేపంగా లేచింది. లేచినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. అయినా మాటంటే మాటే. గుడికి నడిచి వెళ్లి, ఫాదర్ స్కూటర్ వెనక కూర్చుని తనే ఆయన్ని ఇంటికి తీసుకొచ్చింది. నూనె పెట్టించుకున్న బాలశౌరి ఆ పూట కడుపునిండా తిన్నాడు. క్రిస్మస్ కూడా చూశాడు. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, ఆవిడ చెంచాతో గంజి పడుతుంటే చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

భూస్థాపన అయిన కొన్నాళ్లకి ఫాదర్ పలకరించడానికి వచ్చారు. విమలకుమారి ఆయనకి కుర్చీ వేసి, తగువు పెట్టుకుంది.

"నాకు పెట్టిన నూనె పనిచెయ్యలేదు ఫాదర్."

"చేసిందమ్మా. మీరే ముందు పోతే ఆయనకి గంజి ఎవరు పట్టేవారు?"

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఆయన పోయాక కూడా ఇంకా తననెందుకు ఉంచాడో ఆ దేవుడు అని అడిగింది. ఫాదర్ కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నారు.

ఇంతలో గోడవతల మూలుగు వినిపించింది. సింహాచలమ్మకి జ్వరం, కోడలేమో భిలాయి-3లో పుట్టింటికి వెళ్లింది. విమలకుమారి కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి మీద ఉన్న గంజి గిన్నెలో పోసుకుని బయల్దేరింది. ఫాదర్ కూడా ఓ మాట పలకరిద్దామని వెనకే నడిచారు.

గుమ్మంలో తెల్ల అంగీ కనబడగానే సింహాచలమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"గంజి ఇలగెట్టు గానీ వదినా, ఆ ఫాదర్‌ని మాత్రం గుమ్మం దాటనీకు."