పూజలో పెట్టిన పదిహేడు నంబరు పానా

ఆయుధపూజ మీద నాకు కోపం లేదు. ఎవరి పండగ వాళ్లది. కానీ ఇనుముకు బొట్టుపెట్టి మొక్కేవాళ్లు మనిషిని గాలికి వదిలేస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మండదా మరి?

అది రెండువేల రెండు, కరువు ఏడాది. పండగ పొద్దున్నే నా కూతురు రెజీనాకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోతేనే ఇద్దరూ దక్కుతారని మంత్రసాని చెప్పింది. ఊళ్లో ఉన్నది ఉరుకుందప్ప జీపు ఒక్కటే. దానికి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అప్పుడే పూజ ముగించాడు. పాపం, మారుమాట లేకుండా బండి తీశాడు. నేనూ మా ఆయన ప్రకాశం, మా మధ్యలో రెజీనా.

ఆలూరు చేరేసరికి ఆయిలు ఎర్రదీపం వెలిగింది. ఉరుకుందప్ప జీపు కిందికి దూరి చూశాడు. పండగకని ముందురోజు తనే ఆయిలు మార్చాడట. అడుగు బోల్టు సరిగా బిగియక కారిపోతోంది.

"పదిహేడు నంబరు పానా ఉంటే చిటికెలో అయిపోతాది జీవమ్మా," అన్నాడు.

షెడ్లన్నీ మూసి ఉన్నాయి, అద్దె బండ్లేవీ కదల్లేదు. దేవేంద్రప్ప షెడ్డు ఒక్కటే తెరిచి ఉంది. లోపల అమ్మవారి పటం ముందు పానాలన్నీ పరిచి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించాడు. ఆయిలు మార్చాక పూజకని ఉరుకుందప్ప ఇచ్చిపోయిన పానాలు కూడా అందులోనే ఉన్నాయి. "అదే పదిహేడు," అని ఉరుకుందప్ప వేలు చూపించాడు గానీ అడుగు ముందుకు వేయలేదు.

"ఉద్వాసన చెప్పేదాకా ముట్టగూడదప్పా. మా నాయన ఒగసారి ఎత్తి చెయ్యి పోగొట్టుకున్యాడు. సాయంత్రం ఇస్తా," అన్నాడు దేవేంద్రప్ప.

"సాయంత్రందాకా బిడ్డ ఆగుతాదా? మీ అమ్మోరు ఆడది కాదా? ఆమెకు తెలీదా ఈ బాధ?" అని అరిచాను.

ఆయన దీపం వత్తి ఎగదోశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇదే. ఎవరూ తీయకపోతే నేనే తీస్తానని చేయి చాచాను. ప్రకాశం నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దే. చర్చికి పోయే మనం ముట్టినామంటే ఊరంతా మీద పడతాది. రేపు ఈళ్ల మధ్యనే బతకల్ల."

ఉరుకుందప్ప సీటు కింద వెతికితే తుప్పుపట్టిన పంతొమ్మిది నంబరు దొరికింది. బోల్టుకు అది వదులు. సందులో రంపం బ్లేడు ముక్కలు దోపి తిప్పాడు. జారింది. మళ్లీ దోపాడు, మళ్లీ జారింది. బోల్టు మూలలన్నీ అరిగి గుండ్రమైపోయాయి. "దేవుని మీద భారమేసి పోదాం," అంటూ డబ్బాలో మిగిలిన ఆయిలు పోశాడు. జీపులో రెజీనా కొంగు కొరుక్కుంటోంది.

సగం దారి పోయామో లేదో, బోల్టు ఎక్కడో ఊడి పడిపోయింది. ఆయిలంతా రోడ్డు పాలు. ఇంజను కీచుమని పట్టేసింది. ఎండిన పత్తిచేల మధ్య నిలబడి లారీ కోసం చూశాం. ఆ రోజు లారీలన్నీ పూజలోనే ఉన్నాయి. మోటారుసైకిలు మీద పోయే ఒకతన్ని ఆపి, ఏదైనా బండి పంపమని ఆలూరుకు కబురు చేశాం.

"అమ్మా, ఇంకెంత దూరం?" అని రెజీనా అడుగుతూనే ఉంది.

"వచ్చేసినామే. అదిగో ఆదోని కొండ," అని అబద్ధం చెప్పాను. అప్పటికే మొదలైన నెత్తురు ఆగలేదు. ఎండ తగ్గేవేళకు ఆమె అడగడం మానేసింది. బిడ్డ బయటికి రానే లేదు.

మా కబురు అంది, పొద్దుగూకేటప్పుడు దేవేంద్రప్ప మోపెడ్ మీద ఆదరాబాదరాగా వచ్చాడు. చేతిలో పదిహేడు నంబరు పానా. కుంకుమ ఇంకా దాని మీదే ఉంది.

"ఉద్వాసన అయిపోయిందమ్మా. యాడుండాది బోల్టు?" అన్నాడు.

జీపులోకి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ పానాను ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఈసారి ప్రకాశం నా చేయి పట్టుకోలేదు.